వేర్వేరు కార్లతో క్లబ్ రేసు హోరాహోరీగా సాగాలంటే ఏం సమానం చేయాలి?

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పది మంది స్నేహితులు, అందరి దగ్గరా ప్లేస్టేషన్ కారు రేసు గేము గ్రాన్ టూరిస్మో 7 (జీటీ7) ఉంది, శనివారం రాత్రి లాబీ, అంటే ఆన్‌లైన్ గది, పెట్టుకుని రేసులు ఆడుతున్నారు. అందరూ ఒకే కారు తోలడం వాళ్ళకి ఇష్టం లేదు. ఒకరికి మాజ్డా రోడ్‌స్టర్ ప్రాణం, ఒకరికి టొయోటా 86, ఇద్దరు హోండా సివిక్ టైప్ ఆర్ వదలరు, ఇంకొకరు సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్. అందరికీ ఒకే పీపీ (బండి మొత్తం సత్తాకి గేము ఇచ్చే పాయింట్లు) పెట్టుకున్నారు. ప్రాక్టీసులో టైములు అర సెకను లోపలే వస్తున్నాయి. కానీ రేసు మొదలైతే సివిక్‌లు రెండూ ముందుకెళ్ళిపోతాయి, రోడ్‌స్టర్ వాటి వెనకే ఇరుక్కుని చివరిదాకా అక్కడే ఉంటుంది. "టైములు సమానమే కదన్నా, రేసు ఎందుకు సమానంగా లేదు? దేనికి ఎంత బరువు వేయాలి?" అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తా. మీరు సమానం చేయాల్సింది మొత్తం ల్యాప్ టైము కాదు. మొదట స్ట్రెయిట్ (ట్రాకులో తిన్నగా పోయే భాగం) చివర్లో బండ్ల స్పీడు సమానం చేయండి. అన్ని బండ్లూ గంటకి మూడు కిలోమీటర్ల తేడా లోపలికి రావాలి. ఇది పవర్ తగ్గించో పెంచో చేయాల్సిన పని. ఆ తర్వాత మిగిలే ల్యాప్ తేడాని బరువుతో సరిచేయండి. వరుస తిరగేసి మొదటే బరువు వేసి ల్యాప్ టైములు కలిపేస్తే, ఇప్పుడు మీకు జరుగుతున్నదే మళ్ళీ జరుగుతుంది.

ఎందుకో వివరంగా చెప్తా. ఒక ల్యాప్‌లో సివిక్ స్ట్రెయిట్‌లో అర సెకను సంపాదిస్తుంది, రోడ్‌స్టర్ మలుపుల్లో ఆ అర సెకను తిరిగి తెచ్చుకుంటుంది అనుకుందాం. గడియారం దృష్టిలో ఇద్దరూ సమానం. ట్రాక్ మీద మాత్రం కాదు. మలుపులో మంచి లైను ఒక్కటే ఉంటుంది, దాని మీద ముందున్న బండి ఉంటుంది. వెనకున్న రోడ్‌స్టర్‌కి ఎంత గ్రిప్ ఉన్నా సివిక్ స్పీడుకే తగ్గాలి. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు వెనక పడిన బైకు ఎంత చురుకైనదైనా వంపులో చేయగలిగింది ఏమీ లేదు, ఇదీ అంతే. అంటే రోడ్‌స్టర్ సంపాదించుకోవాల్సిన ఆ అర సెకను ఒంటరిగా తిరిగినప్పుడే వస్తుంది, ఎవరి వెనకైనా పడితే రాదు. సివిక్ సంపాదన అలా కాదు. స్ట్రెయిట్‌లో పక్కకి తీసి వెళ్ళిపోవడమే, పైగా ముందున్న బండి గాలిని చీల్చడం వల్ల వెనక బండికి దొరికే ఊపు, అంటే స్లిప్‌స్ట్రీమ్, కూడా తోడవుతుంది. స్ట్రెయిట్‌లో వచ్చే పదో వంతు సెకను, మలుపులో వచ్చే పదో వంతు కంటే రేసులో ఎప్పుడూ ఎక్కువ విలువైనది.

మా గుంపు తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి కుర్రాళ్ళది. పలమనేరు నుంచి ఇద్దరు, చెన్నైలో ఉద్యోగం చేసే మనోళ్ళు కొందరు ఉన్నారు. మొదట అసెట్టో కోర్సా అనే ఇంకో రేసు గేములో ఆడేవాళ్ళం, ఇప్పుడు సగం మంది జీటీ7కి వచ్చారు. ఏ బండికి ఎంత పవర్, ఎంత బరువు అని టేబుల్ వేసే పని ఎక్కువగా నా మీదే ఉంటుంది. జపాన్ ట్రాకు ఫుజి స్పీడ్‌వేలో ఒక రీప్లే ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి చూపిస్తా. ఫుజి మెయిన్ స్ట్రెయిట్ దాదాపు కిలోమీటరున్నర. చివరి మలుపు దాటేటప్పుడు రోడ్‌స్టర్ ముక్కు సివిక్ బంపరుకి ఆనుకునే ఉంది. పిట్ గోడ సగం దాటేసరికి మధ్యలో ఒక బండి పట్టేంత ఖాళీ. బ్రేకు బోర్డుల దగ్గర స్పీడు చూస్తే రోడ్‌స్టర్ 187, సివిక్ 194. మొదటి మలుపు దగ్గర రోడ్‌స్టర్ ఆలస్యంగా బ్రేకు వేసి మళ్ళీ బంపరు దాకా వచ్చింది, ల్యాపంతా అలాగే అంటుకుని తిరిగింది, మళ్ళీ స్ట్రెయిట్‌లో అదే ఖాళీ. రేసంతా ఇదే బొమ్మ. ఆ రోజు ఇద్దరి బెస్ట్ ల్యాపుల మధ్య తేడా లేనట్టే.

పీపీ సమానమైతే సరిపోదా? సరిపోదు. పీపీ ఒకే ఒక్క అంకె. స్ట్రెయిట్ ఎంత, మలుపు ఎంత అన్నది ఒక్క అంకెలో పట్టదు. జీటీ7లో టైర్లు మార్చినా, డౌన్‌ఫోర్స్ (గాలి బండిని రోడ్డుకి నొక్కే బలం) మార్చినా, సస్పెన్షన్ కదిపినా, గేర్ రేషియో మార్చినా పీపీ కదులుతుంది. కాబట్టి అదే పీపీలో ఒకరు పవర్ కొనుక్కుంటారు, ఇంకొకరు గ్రిప్ కొనుక్కుంటారు. పైన చెప్పిన కారణం వల్ల పవర్ కొనుక్కున్నవాడే గెలుస్తాడు. పీపీని నేను వేరే పనికి వాడతా, అది కిందికి వచ్చాక చెప్తా.

ఇక పవర్‌కి బరువు నిష్పత్తి. దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. టన్నుకి ఇన్ని పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) అని లెక్క కట్టి అందరికీ అదే ఇస్తే సరి అనుకుంటారు. మీ కార్లతోనే చూద్దాం. జీటీ7లో ఉన్న రోడ్‌స్టర్ ఎస్ జపాన్ మోడల్, 1.5 లీటర్ ఇంజన్, 131 పీఎస్, 990 కేజీలు. అంటే టన్నుకి 132 పీఎస్. టొయోటా 86 రెండు లీటర్ల ఇంజన్, 200 పీఎస్, బరువు 1,230 కేజీల చుట్టుపక్కల. దానికి అదే నిష్పత్తి ఇవ్వాలంటే ఒక దారి 60 కేజీల బ్యాలస్ట్ (అదనపు బరువు) వేసి పవర్ 170కి దించడం. కాగితం మీద సరిపోయింది. గంటకి నూరు, నూట ఇరవై కిలోమీటర్ల దాకా రెండూ దాదాపు కలిసే పోతాయి కూడా.

ఆ పైన గాలి మొదలవుతుంది. గాలి అడ్డుకునే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది, దాన్ని తట్టుకోడానికి కావలసిన పవర్ స్పీడు ఘనంతో పెరుగుతుంది. టాప్ స్పీడు 10 శాతం పెరగాలంటే పవర్ 33 శాతం పెరగాలి. ఇందులో బరువు ప్రమేయం చాలా తక్కువ. 131కి, 170కి తేడా 30 శాతం. రెండు బాడీలూ గాలిని ఒకేలా కోస్తాయనుకుంటే టాప్ స్పీడులో అది 9 శాతం తేడా, 200 దగ్గర 18 కిలోమీటర్లు. నిజానికి స్ట్రెయిట్ అంత పొడుగు ఉండదు కాబట్టి అంత తేడా కనబడదు, కానీ సగం కనబడినా రేసు అయిపోయినట్టే. తేలిక బండి మలుపు బయటికి ఎంత చక్కగా వచ్చినా పొడవాటి స్ట్రెయిట్‌లో గాలికి ఓడిపోతుంది.

అందుకే నా పద్ధతి ఇది: నిష్పత్తి ఒక్కటే కలపొద్దు. పవర్‌ని పవర్‌కి, బరువుని బరువుకి విడివిడిగా దగ్గరికి లాగండి. బరువు బండిని ఇంకా బరువు చేయడం కంటే, తేలిక బండికి కాస్త పవర్, కాస్త బరువు రెండూ ఇవ్వాలి. బరువు బండికి రెండూ తగ్గించాలి. జీటీ7లో ట్యూనింగ్ షాపు ఉంది కాబట్టి ఇది కుదురుతుంది. మీ బండ్లకి నేనైతే మొదలుపెట్టే అంకెలు ఇవి. రోడ్‌స్టర్‌ని చిన్న పార్టులతో 150 పీఎస్ దాకా తెచ్చి, 60 కేజీలు వేసి 1,050 చేయండి. 86కి వెయిట్ రిడక్షన్ చేసి 1,150 దగ్గరికి తెచ్చి, పవర్ 165కి దించండి. సివిక్ టైప్ ఆర్ పాత ఈకే మోడల్ అయితే 185 పీఎస్, బరువు 1,050 కేజీలకి కొంచెం పైన. దాని బరువు ముట్టుకోకుండా పవర్ 152 దగ్గరికి తెండి. ఇప్పుడు మూడూ టన్నుకి 143 పీఎస్ దగ్గర ఉన్నాయి, పైగా అన్నిటికంటే ఎక్కువ పవర్‌కి, తక్కువ పవర్‌కి మధ్య తేడా 10 శాతమే. అంటే టాప్ స్పీడులో మూడు శాతం, దాన్ని టెస్టులో ఇంకా తగ్గించుకోవచ్చు. ఇవి మొదటి అంకెలు మాత్రమే, తుది అంకెలు మీ స్టాప్‌వాచీ చెప్తుంది.

స్విఫ్ట్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ఊళ్ళో ప్రతి వీధిలో స్విఫ్ట్ ఉంటుంది, ప్రతి గుంపులోనూ దాన్ని తోలతానని పట్టుబట్టేవాడు ఒకడు ఉంటాడు. గేములో ఉన్నది మన స్విఫ్ట్ కాదు. 2017 స్విఫ్ట్ స్పోర్ట్, 1.4 లీటర్ టర్బో, 140 పీఎస్, 970 కేజీలు. ఆ టర్బో ఇంజన్ మన దేశం స్విఫ్ట్‌లో రాలేదు. అంకెలు చూస్తే రోడ్‌స్టర్‌కి కవల పిల్లలా ఉంటుంది. కానీ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, చూడండి: రోడ్‌స్టర్ 150 న్యూటన్ మీటర్లు, స్విఫ్ట్ 230. పీక్ పవర్ సమానం చేసినా మధ్య ఆర్‌పీఎంలో స్విఫ్ట్ చేతిలో చాలా ఎక్కువ ఉంటుంది. మూడో గేరులో మలుపు బయటికి వచ్చేటప్పుడు, గేరు తప్పు పడినా, అది లాక్కుపోతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి రెండో గేరు హెయిర్‌పిన్‌లో (యూ ఆకారం మలుపులో) మాత్రం ముందు చక్రాలు తిరిగిపోయి ఆ లాభం కొంత పోతుంది.

టర్బో బండికి పవర్ తగ్గించే పార్టు, రెస్ట్రిక్టర్, ఎక్కడ కోస్తుందో తెలుసుకుని వాడాలి. పవర్ రెస్ట్రిక్టర్ ఎక్కువగా పై ఆర్‌పీఎంలో కోస్తుంది, కింద టార్క్ అలాగే ఉంటుంది. ఇంజన్‌ని నడిపే ఫుల్లీ కస్టమైజబుల్ కంప్యూటర్ అనే పార్టులో ఔట్‌పుట్ తగ్గిస్తే పవర్ కర్వ్ మొత్తం కిందికి దిగుతుంది. కాబట్టి స్విఫ్ట్ లాంటి టర్బో బండికి కంప్యూటర్, సివిక్ లాంటి పై ఆర్‌పీఎం ఇంజన్‌కి రెస్ట్రిక్టర్ అని మేం విడదీసుకున్నాం. సివిక్‌కి రెస్ట్రిక్టర్ వేస్తే సరిగ్గా దాని బలం ఉన్నచోటే, అంటే స్ట్రెయిట్ చివర్లోనే, తగ్గుతుంది. స్విఫ్ట్‌ని 140 దగ్గరే ఉంచి 50 కేజీలు వేసి చూడండి. అప్పటికీ మలుపు బయట దూసుకుపోతుంటే కంప్యూటర్ ఒకటి రెండు శాతం దించండి.

టెస్టు ఎలా చేయాలి. ఇక్కడ జనం తొందరపడతారు. గుంపులో అందరికంటే వేగంగా తోలేవాడిని పిలిచి అన్ని బండ్లలో ఒక్కో బెస్ట్ ల్యాప్ కొట్టించి టేబుల్ వేసేస్తారు. ఆ టేబుల్ వాడికే పనికొస్తుంది. మంచి డ్రైవరు వెనక జారే బండిని కూడా ఆపుకుని టైము తీస్తాడు, మిగతా తొమ్మిది మంది అదే బండిలో గడ్డిలోకి పోతారు. అందుకని మధ్యస్థంగా తోలే ముగ్గురిని తీసుకోండి. ముగ్గురూ అన్ని బండ్లూ తోలాలి. ఒక్కొక్కరు ఒక్కో బండిలో పది ల్యాపులు, మొదటి రెండు వదిలేయండి, మిగతావి వరుసలో పేర్చి నడిమి టైము తీసుకోండి. బెస్ట్ టైము కాదు, నడిమి టైము. తర్వాత ఒకరి టైముని ఇంకొకరితో పోల్చొద్దు. రమేష్‌ అనే పిల్లాడు రోడ్‌స్టర్‌లో ఎంత, వాడే సివిక్‌లో ఎంత అని చూడండి. ఆ తేడానే బండి తేడా. మిగతాదంతా మనిషి తేడా.

ట్రాకులు రెండు పెట్టుకోండి, ఒకటి పొడవాటి స్ట్రెయిట్ ఉన్నది, ఒకటి ఇరుకైనది. మేం ఫుజి, సుకుబా వాడతాం. సుకుబా రెండు కిలోమీటర్ల చిన్న ట్రాకు, అక్కడ బరువు, బ్రేకులు, మలుపు బయట పికప్ బయటపడతాయి. ఫుజిలో పవర్, గాలి బయటపడతాయి. ఫుజిలో బాగుండి సుకుబాలో వెనకబడే బండికి బరువు తీయాలి. సుకుబాలో బాగుండి ఫుజిలో వెనకబడే బండికి పవర్ ఇవ్వాలి. ఈ ఒక్క పోలిక తెలిస్తే ఏ స్క్రూ తిప్పాలో వాదించుకునే పనే ఉండదు.

ఎంత తిప్పాలి అన్నదానికి రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి. పవర్ మూడు శాతం మారిస్తే స్ట్రెయిట్ చివర స్పీడు మహా అయితే ఒక శాతం మారుతుంది. మలుపు నుంచి మంచి స్పీడుతో బయటికి వచ్చే చోట ఇంకా తక్కువ మారుతుంది. బరువు విషయంలో, 1,100 కేజీల బండికి 20 కేజీలు వేస్తే రెండు నిమిషాల ల్యాప్‌లో మా అనుభవంలో మూడు నుంచి ఐదు పదో వంతుల దాకా పోతుంది, ట్రాకుని బట్టి. స్ట్రెయిట్ చివర స్పీడు మూడు కిలోమీటర్ల లోపల, నడిమి ల్యాప్ టైము రెండు నిమిషాలకి మూడు నాలుగు పదో వంతుల లోపల వస్తే ఆపేయండి. అంతకంటే నునుపు చేయాలని చూడొద్దు. మలుపుల్లో బండ్ల మధ్య తేడా ఉండనివ్వండి. రోడ్‌స్టర్ మలుపు లోపల, స్విఫ్ట్ మలుపు బయట, 86 బ్రేకుల్లో బలంగా ఉంటేనే ఒకరినొకరు దాటే చోట్లు వేర్వేరుగా ఉంటాయి. అందుకే కదా వేర్వేరు బండ్లు కావాలన్నారు.

టైర్లు అందరికీ ఒకటే రకం, ఇందులో బేరం లేదు. ఈ పవర్ బండ్లకి స్పోర్ట్స్ టైర్లు అక్కర్లేదు. కంఫర్ట్ సాఫ్ట్ (గ్రిప్ తక్కువ ఉండే రకం) వేస్తే బ్రేకు వేసే దూరం పెరుగుతుంది, దాటడానికి జాగా దొరుకుతుంది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లకి ఇంకో సంగతి ఉంది. ముందు టైర్లే లాగాలి, అవే తిప్పాలి, బ్రేకు భారం ఎక్కువగా వాటి మీదే. టైర్ వేర్ (టైర్లు అరిగే సెట్టింగ్) పెట్టిన రేసులో మొదటి ఐదు ల్యాపులు సివిక్, స్విఫ్ట్ రాజాల్లా ఉంటాయి, సగం దాటాక ముక్కు మలుపు బయటికి జారుతుంది. మీరు ఐదు ల్యాపుల టెస్టు చూసి వాటికి 30 కేజీలు వేశారనుకోండి, ఆ బరువు అదే టైర్ల మీద పడి, ఇరవై ల్యాపుల రేసులో వాళ్ళు చివరికి పోతారు. మీ రేసు ఎంత పొడుగో అంత పొడుగు టెస్టు ఒకసారైనా చేయండి. చిన్న రేసులే ఆడేటట్టయితే టైర్ వేర్ ఆపేయడమే మేలు. బ్యాలస్ట్ ఎక్కడ పెట్టాలన్న స్లైడరు కూడా అందరికీ నడిమిలోనే ఉంచండి. దాన్ని వెనక్కి జరిపితే ముందు చక్రాల బండి మలుపు తీరే మారిపోతుంది, బరువు శిక్ష కాస్తా బహుమతి అవుతుంది. గేర్‌బాక్స్, సస్పెన్షన్ కంపెనీ సెట్టింగే. సెట్టింగుల్లో స్వేచ్ఛ ఇచ్చే కొద్దీ మీ టేబుల్ బలహీనపడుతుంది, ఓపిక ఉన్నవాడు రాత్రంతా కూర్చుని దాన్ని దాటేస్తాడు.

ఇప్పుడు పీపీ వాడకం. టేబుల్ ఖాయమయ్యాక ఒక్కో బండికి గేము ఎంత పీపీ చూపిస్తుందో రాసిపెట్టుకోండి. అది లిమిట్ కాదు, సీలు. రేసు ముందు ప్రతి ఒక్కరూ తమ సెట్టింగ్ పేజీ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. పీపీ రాసుకున్న అంకెకి తేడా వస్తే ఎక్కడో ఏదో కదిలింది. చాలాసార్లు ఆయిల్ మార్పించుకోవడం లాంటి చిన్న విషయమే ఉంటుంది, సరిచేసుకుని వస్తారు. అసెట్టో కోర్సాలో ఈ గొడవ లేదు. సర్వర్ ఎంట్రీ లిస్ట్ ఫైల్లోనే ఒక్కో బండికి బ్యాలస్ట్, రెస్ట్రిక్టర్ రాసేయొచ్చు, డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు. కంప్యూటర్లు ఉన్నవాళ్ళు ఎక్కువైతే అటు మారడం గురించి ఆలోచించండి.

బండి తేడా, మనిషి తేడా కలపొద్దు. దీని మీద నా మాట గట్టిగానే చెప్తా. వరసగా గెలుస్తున్నవాడి బండికి బరువు వేస్తూ పోతే, అదే బండి తోలే ఇంకో మామూలు మనిషికి అన్యాయం జరుగుతుంది, మీ టేబుల్ కూడా అబద్ధం అయిపోతుంది. గెలిచినవాడికి బరువు వేసే పద్ధతి నిజం రేసుల్లో ఉంది, కాదనను. జపాన్ సూపర్ జీటీలో సంపాదించిన పాయింట్లకి తగ్గట్టు తర్వాతి రేసులో బరువు మోయాలి, సీజన్ చివరి రేసుకి దాన్ని తీసేస్తారు. బ్రిటిష్ టూరింగ్ కార్లలో 2021 దాకా బరువు వేసేవాళ్ళు, 2022లో దాని బదులు హైబ్రిడ్ పవర్ వాడకంలో కోత పెట్టారు. కానీ అవి బండి బ్యాలెన్స్ నుంచి వేరుగా, అందరికీ తెలిసేలా రాసి ఉంచే లెక్కలు. మీరూ కావాలంటే అలాగే వేరే కాలమ్‌లో, మనిషి పేరు మీద, 30 కేజీలకి మించకుండా పెట్టుకోండి. నాకు ఇంకా నచ్చేది రివర్స్ గ్రిడ్. రెండు చిన్న రేసులు పెట్టండి, మొదటి రేసు ఫలితం తిరగేసి రెండోది మొదలుపెట్టండి. బాగా తోలేవాడికి దాటే పని దొరుకుతుంది, వెనకవాడికి ముందు నుంచి మొదలుపెట్టే ఆనందం దొరుకుతుంది, ఎవరి బండికీ చేయి పెట్టక్కర్లేదు.

టెస్టులో నెమ్మదిగా తోలి, రేసులో అసలు వేగం చూపించేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పెద్ద రేసుల్లోనే ఉంది ఈ తలనొప్పి. 2016లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసుకి క్వాలిఫైయింగ్‌లో, జీటీ క్లాసులో ఫోర్డ్, ఫెరారీ మిగతావాళ్ళని బాగా దాటిపోయాక, రేసుకి ముందే నిర్వాహకులు ఆ క్లాసు బ్యాలెన్స్ మార్చారు. ఫోర్డ్ జీటీకి టర్బో బూస్ట్ తగ్గించి బరువు వేశారు. అయినా ఆ క్లాసు ఫోర్డే గెలిచింది. మన స్థాయిలో దీనికి మందు ఒకటే, టెస్టు టైముల మీద మొదటి టేబుల్ వేయండి, ఆ తర్వాత మార్పులన్నీ రేసు ల్యాపులు చూసి చేయండి. రేసులో ఎవరూ దాచుకోరు. మూడు రేసులకి ఒకసారి మాత్రమే మార్చండి, ఒక్కసారికి 10 కేజీలు లేదా ఒక శాతం పవర్, అంతకు మించొద్దు. ఒక రాత్రి ఓడిపోయినవాళ్ళు గ్రూపులో మెసేజీలు పెడతారు. ఆ రాత్రి టేబుల్ ముట్టుకోవద్దు. టేబుల్ వేసేవాడు తన బండి అంకెలు తను మార్చుకోకూడదు, ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. మా దగ్గర నా బండి అంకెలు పలమనేరు కుర్రాడు చూస్తాడు.

నిజం రేసులు జరిగే ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీకు దూరం కాదు, చిత్తూరు నుంచి చెన్నై వెళ్ళే దారిలోనే శ్రీపెరుంబుదూరు దాటాక వస్తుంది. వీలైతే ఒక రేసు రోజు వెళ్ళి చూడండి. దాదాపు ఒకేలాంటి బండ్లు ఉన్న రేసుల్లో కూడా ఎవరు ఎక్కడ దాటుతున్నారో గమనించండి. స్ట్రెయిట్ చివర్లో బ్రేకు దగ్గర దాటేవాళ్ళు, దానికోసం ముందు మలుపు నుంచే తయారయ్యేవాళ్ళు కనబడతారు. మీ లాబీలో అది కనబడిందంటే మీ అంకెలు సరిగ్గా ఉన్నట్టు.

లాబీ సెట్టింగుల్లో రెండు చూసుకోండి. బూస్ట్ ఆఫ్ చేయండి. వెనకున్నవాడికి గేము అదనంగా వేగం ఇస్తుంటే మీరు ఎంత కొలిచినా వృథా. స్లిప్‌స్ట్రీమ్ రియల్‌లో పెట్టండి. స్ట్రాంగ్‌లో పెడితే ముందున్న ప్రతివాడూ స్ట్రెయిట్‌లో దొరికిపోతాడు, మలుపులు బాగా తోలడానికి విలువ పోతుంది. ఇంకొకటి నెట్. బండ్లు ఇంత దగ్గరగా తిరిగేటప్పుడు కనెక్షన్ జారితే పక్కవాడి బండి మీ మీదకి దూకినట్టు కనబడుతుంది, గొడవలు బండ్ల మీదికి పోతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్ళని వద్దనండి, రూటర్ నుంచి కేబుల్ వేసుకోమనండి. రూటర్‌ని ఇన్వర్టర్‌కి కలపమనండి. సీజన్ తేదీలు వేసేటప్పుడు మామిడికాయల రోజులు, బ్రహ్మోత్సవాల వారం వదిలేయండి. మా గుంపులో తోటలు ఉన్నవాళ్ళు, కొండ మీద డ్యూటీ పడేవాళ్ళు ఆ రోజుల్లో రారు. సగం మందితో ఆడిన రేసు టైములు చూసి బ్యాలెన్స్ మార్చితే తప్పు దారి పడుతుంది.

చివరగా, ఎవరో సుబారు ఇంప్రెజా తెస్తానంటున్నారని కూడా రాశారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఈ గుంపులో కలపొద్దని నా సలహా. 200 పైన పవర్ ఉన్న టర్బో ఇంజన్‌ని 160 దాకా కోస్తే అందులో ఆ బండి గుణమే మిగలదు. కోయకపోతే ప్రతి హెయిర్‌పిన్ బయటా నాలుగు చక్రాలతో లాక్కుపోతుంది. ఇద్దరు ముగ్గురు అలాంటి బండ్లు కోరుకుంటే వాళ్ళకి రెండో క్లాసు పెట్టి, అదే లాబీలో వేరే పాయింట్లతో ఆడనివ్వండి. ఒక్కరే ఉండి, పట్టు విడవకపోతే, కనీసం గ్రిడ్ మీద నిలబడి మొదలుపెట్టే స్టార్ట్ తీసేసి బండ్లు కదులుతుండగానే మొదలయ్యే రోలింగ్ స్టార్ట్ పెట్టండి. నిలబడి లేచేటప్పుడు ఆ బండి మొదటి మలుపుకే ముందుకు వచ్చేస్తుంది, ఆ లాభాన్ని బరువుతో కొలిచి తగ్గించడం కుదరదు.